అర్హత ఉన్నవారందరికీ పిలుపు రాదు

ప్రశ్న: నా వయసు 35. సత్తెనపల్లి దగ్గర ఒక పల్లెటూరు మాది. బీటెక్ మెకానికల్ చదివి, తొమ్మిదేళ్లుగా పటాన్‌చెరు దగ్గర ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. నా భార్యకు 31 ఏళ్లు. ఎమ్మెస్సీ నర్సింగ్ చేసి, ఐదేళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా ఉంది. బాబుకు ఆరేళ్లు. మేము కెనడాలో శాశ్వతంగా స్థిరపడాలనుకుంటున్నాం. పోయిన ఏడాది ఎమ్మెస్ ఆలోచనతో రాసిన ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ ఇంగ్లీషు పరీక్షలో నాకు ఓవరాల్ 7 వచ్చింది, లిజనింగ్ 7.5, రీడింగ్ 7, రైటింగ్ 6, స్పీకింగ్ 6.5. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వారు, ‘మీకు వందకు 78 పాయింట్లు వస్తున్నాయి, 67 వస్తే చాలు, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఖాయం’ అన్నారు. మా పెద్దమ్మ కొడుకు పీఆర్ తీసుకుని టొరంటోలో ఉంటున్నాడు. అతన్ని అన్నగా చూపిస్తే ఇంకో 15 పాయింట్లు వస్తాయని, ఆరు లక్షలు పెడితే జాబ్ ఆఫర్ లెటర్ తెప్పించి 50 పాయింట్లు కలుపుతామని కూడా చెప్పారు. మొదటి విడతగా లక్షా ఎనభై వేలు కట్టమంటున్నారు. కట్టవచ్చా? నాన్నగారు లేరు కాబట్టి అమ్మను కూడా మాతో తీసుకువెళ్లే వీలుందా?

— ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: డబ్బు ఇప్పుడే కట్టకండి. ఈ మాట ముందుగా చెప్పడానికి కారణం, మీకు అర్హత లేకపోవడం కాదు. మీకు అర్హత ఉంది, లేదా రెండు మూడు నెలల్లో తెచ్చుకోగలరు. అయితే మీకు చెప్పిన ‘ఖాయం’ అన్న మాటకు, ఆ అర్హతకు సంబంధం లేదు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం తెలియకపోవడం వల్లనే ఎన్నో కుటుంబాలు పొలాలమ్మి, చిట్టీలు పాడి, ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నాయి. అందుకే ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీరు బీటెక్ చదివారు కాబట్టి ఎంసెట్ గుర్తుండే ఉంటుంది. అందులో 160కి 40 మార్కులు వస్తే క్వాలిఫై అయినట్టే, ర్యాంకు ఇస్తారు. కానీ ఆ ర్యాంకుకు కోరుకున్న కాలేజీలో సీటు వస్తుందని ఎవరూ అనుకోరు. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ కూడా సరిగ్గా అలాంటిదే. 2015 జనవరిలో మొదలైన ఈ పద్ధతిలో, విదేశంలో ఉండి దరఖాస్తు చేసే మీలాంటి ఉద్యోగులకు వర్తించేది ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ విభాగం. అందులో వందకు 67 అన్నది క్వాలిఫై మార్కు. అది దాటినవారు ‘పూల్’ అనే జాబితాలోకి వెళతారు. అక్కడ ప్రతి ఒక్కరికీ 1200కి లెక్కగట్టిన మరో స్కోరు వస్తుంది, దాన్ని సీఆర్ఎస్ అంటారు. ప్రభుత్వం కొన్ని వారాలకొకసారి డ్రా తీసి, పై స్కోరు ఉన్నవారిని మాత్రమే దరఖాస్తుకు పిలుస్తుంది. ఆ పిలుపు వచ్చేదాకా పీఆర్‌కు దరఖాస్తు పెట్టే అవకాశమే లేదు. కన్సల్టెన్సీ వారు మీకు మొదటి లెక్క చూపించి, రెండో లెక్క సంగతి ఎత్తలేదు.

మొదటి లెక్కనే ముందు సరిచూద్దాం, ఎందుకంటే అందులో కూడా తప్పులున్నాయి. వయసుకు 12 (18 నుంచి 35 ఏళ్ల వరకు పూర్తి పాయింట్లు, 36 నిండితే 11, ఆపైన ఏడాదికొకటి తగ్గుతుంది), బ్యాచిలర్ డిగ్రీకి 21, ఆరేళ్లు దాటిన అనుభవానికి 15, మీ ఇంగ్లీషుకు 20, మీ భార్య ఇంగ్లీషుకు 5, కెనడాలో బంధువు ఉన్నందుకు 5 వేసుకుంటేనే 78 అవుతుంది. ఈ మొత్తంలో మీ భార్య ఇంకా పరీక్షే రాయలేదు. బంధువు 5 పాయింట్లు మీకు రావు, కారణం కింద చెబుతాను. ఇక మీ ఇంగ్లీషు 20 కూడా ఈ రోజున లెక్కలోకి రాదు, ఎందుకంటే మీరు రాసింది అకడమిక్ పరీక్ష. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి ఐఈఎల్‌టీఎస్‌లో జనరల్ ట్రైనింగ్ మాత్రమే చెల్లుతుంది. దానికి బదులుగా సెల్‌పిప్ జనరల్ గానీ పీటీఈ కోర్ గానీ రాయవచ్చు. విద్యార్థి వీసాకోసం రాసిన పరీక్షను పీఆర్‌కు వాడుకోవచ్చుననుకుని మోసపోయినవారు చాలామంది ఉన్నారు. ఆ ఫలితమైనా రెండేళ్లే చెల్లుతుంది.

‘ఓవరాల్ 7’ అన్న మాటను కూడా ఇక మరచిపోండి. అక్కడ సగటు ఎవరూ చూడరు, నాలుగు విభాగాలను విడివిడిగా సీఎల్‌బీ అనే కొలతలోకి మారుస్తారు. కనీస అర్హత నాలుగింటిలోనూ సీఎల్‌బీ 7, అంటే ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో ప్రతి విభాగంలోనూ 6. ఒక్క విభాగంలో 5.5 వచ్చినా, మిగతా మూడింటిలో 9 తెచ్చుకున్నా ఈ విభాగంలో అర్హత పోతుంది. మీ మార్కులే జనరల్‌లోనూ వస్తాయనుకుంటే లిజనింగ్ సీఎల్‌బీ 8, రీడింగ్ 9, రైటింగ్ 7, స్పీకింగ్ 8 అవుతాయి. అప్పుడు మీ 67 లెక్క 68తో గట్టెక్కుతుంది, మీ భార్య పరీక్ష రాసి నాలుగింటిలోనూ సీఎల్‌బీ 4 తెచ్చుకుంటే 73 అవుతుంది. అర్హత ఉందని నేను మొదట అన్నది ఈ లెక్క చూసే.

ఇప్పుడు రెండో లెక్క, అసలైన లెక్క. భార్యతో కలిసి వెళ్లే 35 ఏళ్ల అభ్యర్థికి సీఆర్ఎస్‌లో వయసుకు 70, బీటెక్‌కు 112, పైన చెప్పిన ఇంగ్లీషుకు 89 వస్తాయి. మీ భార్య ఎమ్మెస్సీకి 10, ఆమె ప్రతి విభాగంలో సీఎల్‌బీ 7 తెచ్చుకుంటే మరో 12. చదువును, అనుభవాన్ని ఇంగ్లీషుతో కలిపి చూసి ఇచ్చేవి 38. మొత్తం 331. అన్ని వృత్తులకూ కలిపి 2024లో తీసిన డ్రాలలో కటాఫ్ 524కు తగ్గలేదు. మీరు ఎంత కష్టపడి నాలుగు విభాగాలనూ సీఎల్‌బీ 9కి, అంటే లిజనింగ్ 8కి, మిగతా మూడూ 7కి తెచ్చుకున్నా మీ స్కోరు 395 దగ్గర ఆగుతుంది. ఇంకో పుట్టినరోజు వస్తే అందులోంచి ఐదు పోతాయి. ఈ స్కోరుతో పూల్‌లో మీ పేరు ఏడాదిపాటు ఉంటుంది, ఏడాది తిరగగానే తొలగిపోతుంది. అది మోసం కాదు, పద్ధతే అంత. కానీ పూల్‌లో పేరు చేర్చడానికి ప్రభుత్వం పైసా తీసుకోదని, ఆ ప్రొఫైల్‌ను మీరే ఇంట్లో కూర్చుని ఒక సాయంత్రంలో తెరుచుకోవచ్చని తెలిసినవారు లక్షా ఎనభై వేలు ఇచ్చుకోరు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించిన వాక్యం మీరు మామూలుగా రాసేసినదే: మీ భార్య ఎమ్మెస్సీ నర్సు, వయసు 31, ఐదేళ్ల ఆసుపత్రి అనుభవం. మన ఇళ్లలో ఏ దరఖాస్తు అయినా భర్త పేరు మీదే మొదలవుతుంది, భార్య వివరాలు ‘డిపెండెంట్’ గడిలో నింపేస్తారు. కన్సల్టెన్సీ వారు కూడా ఎదురుగా కూర్చున్న మగమనిషి వివరాలే లెక్కవేసి పంపేస్తారు. కెనడా నిబంధనల్లో అలాంటి పట్టింపు ఏదీ లేదు. భార్యాభర్తల్లో ఎవరైనా ప్రధాన అభ్యర్థి కావచ్చు, ఇద్దరికీ అర్హత ఉంటే వేరువేరుగా రెండు ప్రొఫైళ్లు కూడా పెట్టుకోవచ్చు.

ఆమె పేరు మీద లెక్క వేసి చూడండి. మొదటి లెక్కలో వయసుకు 12, మాస్టర్స్‌కు 23, ఐదేళ్ల అనుభవానికి 13, సీఎల్‌బీ 9 తెచ్చుకుంటే ఇంగ్లీషుకు 24, మీ ఇంగ్లీషు వల్ల 5, మొత్తం 77. సీఆర్ఎస్‌లో వయసుకు 90, మాస్టర్స్‌కు 126, సీఎల్‌బీ 9 ఇంగ్లీషుకు 116, మీ బీటెక్‌కూ మీ ఇంగ్లీషుకూ కలిపి 22. ఆపైన చదువుతో పాటు సీఎల్‌బీ 9 ఉన్నందుకు 50, మూడేళ్లు దాటిన విదేశీ అనుభవంతో పాటు సీఎల్‌బీ 9 ఉన్నందుకు మరో 50. మొత్తం 454. ఇంగ్లీషు నాలుగింటిలోనూ సీఎల్‌బీ 10కి చేరితే 466. ఒకే ఇల్లు, అవే కాగితాలు, మీ పేరు మీద 395, ఆమె పేరు మీద 454.

ఈ తేడా మరింత విలువైనది కావడానికి ఇంకో కారణం ఉంది. 2023 నుంచి కెనడా కొన్ని వృత్తులకు విడిగా డ్రాలు తీస్తోంది, వాటిలో ఆరోగ్య రంగం ఒకటి, రిజిస్టర్డ్ నర్సులు అందులోకి వస్తారు. ఆ విభాగానికి 2025 మే నెల మొదట్లో జరిగిన డ్రాలో కటాఫ్ 510 ఉంటే, ఆగస్టులో 470కి దిగింది. 454కూ 470కీ మధ్య ఉన్నది దాటలేని దూరం కాదు, కానీ దాటేసినట్టూ కాదు. కటాఫ్ ఎప్పుడు ఎంతకు ఆగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు, ఆ మాటకొస్తే ఏ విభాగానికి ఎప్పుడు డ్రా తీస్తారో కూడా చెప్పలేరు. పైగా 2025లో ఐదు లక్షల మందికి పీఆర్ ఇస్తామని ముందు ప్రకటించిన ప్రభుత్వం, 2024 అక్టోబరులో ఆ సంఖ్యను 3,95,000కు తగ్గించింది. తలుపు పూర్తిగా మూయలేదు గానీ, కాస్త దగ్గరకు వేసింది.

ఆమె స్కోరును నిజాయితీగా పెంచే దారులు రెండున్నాయి. మొదటిది ఫ్రెంచ్. నాలుగు విభాగాలలోనూ 7వ స్థాయి ఫ్రెంచ్ వస్తే అదనంగా 50, రెండో భాషగా మరో 12 కలిసి 454 కాస్తా 516 అవుతుంది, ఫ్రెంచ్ వచ్చినవారికి విడిగా తీసే డ్రాలలోనూ ఆమె ఉంటుంది. అయితే నైట్ డ్యూటీలు చేస్తూ, ఆరేళ్ల బాబును చూసుకుంటూ ఆ స్థాయికి చేరడానికి ఏడాదిన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. హైదరాబాదులోని అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఒక మొదటి స్థాయి కోర్సు చేసి చూసి, ఆ తర్వాత నిర్ణయించుకోవడం మంచిది. ఆ కాలంలో ఇంటిపనిలో సగం మీరు పంచుకోకపోతే మాత్రం ఈ ఆలోచన కాగితం మీదే ఉంటుంది. రెండో దారి ఏదైనా ప్రావిన్సు (అక్కడి రాష్ట్రం) ఎంపిక చేసుకుని ఇచ్చే నామినేషన్. అది వస్తే ఒక్కసారే 600 పాయింట్లు కలుస్తాయి, పిలుపు దాదాపు వచ్చినట్టే. నర్సులను కోరే ప్రావిన్సులు ఉన్నాయి. కానీ ఒక్కొక్క ప్రావిన్సుకు ఒక్కొక్క నిబంధన, అవి తరచూ మారుతుంటాయి, అక్కడే ఉండి పనిచేయాలన్న నిజమైన ఉద్దేశం ఉండాలి. క్యుబెక్ ప్రావిన్సుది పూర్తిగా వేరే పద్ధతి, దాన్ని ఇందులో కలపకండి.

ఇప్పుడు మీ పెద్దమ్మగారి అబ్బాయి విషయం. మన భాషలో పెద్దమ్మ కొడుకు అన్నే. చిన్నప్పటినుంచి ‘అన్నా’ అనే పిలిచి ఉంటారు, మీ పెళ్లిలో అన్న హోదాలోనే నిలబడి ఉంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ ఫారంలో తోబుట్టువు అంటే తల్లిదండ్రులలో కనీసం ఒకరైనా ఉమ్మడిగా ఉన్నవారు, దత్తత ద్వారా గానీ మారుటి సంబంధం ద్వారా గానీ అయినా సరే. మీ సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మీ భార్య సొంత తోబుట్టువులు దీని కిందికి వస్తారు, అదీ వారు 18 ఏళ్లు నిండి, కెనడా పౌరులుగానో పీఆర్ ఉన్నవారుగానో అక్కడే నివసిస్తుంటేనే. అక్కడ చదువుకుంటున్న తమ్ముడు లెక్కలోకి రాడు. మొదటి లెక్కలోని 5 పాయింట్లకు మాత్రం బంధువుల జాబితా కొంచెం పెద్దది: మేనమామ, మేనత్త, సొంత బాబాయి, పిన్ని, పెదనాన్న, పెద్దమ్మ, మేనల్లుడు, మేనకోడలు కూడా చెల్లుతారు. వారి పిల్లలు, అంటే మనం అన్న, వదిన, బావ, మరదలు అని పిలుచుకునేవారు, ఆ జాబితాలోనూ లేరు. నాన్నగారి పెదనాన్న కొడుకు మనకు బాబాయే అయినా వారి దృష్టిలో కాడు.

అతన్ని అన్నగా రాస్తే ఏమవుతుందో కన్సల్టెన్సీ వారు చెప్పి ఉండరు. తోబుట్టువని రుజువు చేయాలంటే ఇద్దరి జనన ధ్రువపత్రాలూ పెట్టాలి, వాటిలో తల్లిదండ్రుల పేర్లుంటాయి. పైగా అతను పీఆర్ తీసుకున్నప్పుడు తన కుటుంబ సభ్యుల పేర్లన్నీ రాసి ఇచ్చి ఉంటాడు, అందులో మీ పేరు ఉండదు. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే కెనడా వలస చట్టంలోని 40వ సెక్షన్ కింద ఐదేళ్లపాటు మీరు ఏ వీసాకూ పనికిరారు, అదే ఫైలులో ఉన్న మీ భార్య అవకాశమూ పోతుంది. సంతకం మీది కాబట్టి శిక్షా మీకే, కన్సల్టెన్సీకి కాదు. ఆరు లక్షల జాబ్ ఆఫర్ కూడా ఇదే కోవలోది. అందులో మరో విశేషమేమిటంటే, ఉద్యోగ ప్రతిపాదనకు సీఆర్ఎస్‌లో ఇచ్చే 50, 200 పాయింట్లను 2025 మార్చి 25 నుంచి కెనడా పూర్తిగా తీసేసింది. అంటే దొంగ కాగితానికి మీరు ఇచ్చే ఆరు లక్షలకు సీఆర్ఎస్‌లో రావలసినది సున్నా.

అవసరమైతే సలహాదారును పెట్టుకోవడంలో తప్పులేదు. కానీ డబ్బు తీసుకుని కెనడా వలస విషయంలో సలహా ఇవ్వడానికి, మీ తరఫున వ్యవహరించడానికి కెనడా న్యాయవాదులకు, కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్‌లో నమోదైనవారికే ప్రధానంగా హక్కు ఉంది. ఆ సంస్థ సభ్యుల పట్టిక అందరూ చూడదగినదే. మీ ఎదుట కూర్చున్నవారిని లైసెన్సు నంబరు అడిగి, ఆ పట్టికలో పేరు, నంబరు కలుస్తున్నాయో లేదో అక్కడికక్కడే చూసుకోండి. ‘దరఖాస్తులో మా పేరు వేయం, మీరే చేసుకున్నట్టు చూపిస్తాం’ అంటే ఇక అక్కడ ఒక్క నిమిషం కూడా కూర్చోకండి.

కాగితాల విషయంలో నేను కాస్త పట్టుబట్టి చెబుతాను, ఎందుకంటే పిలుపు వచ్చాక దరఖాస్తు పెట్టడానికి అరవై రోజులే ఉంటాయి, మన కాగితాలు అరవై రోజుల్లో కదిలేవి కావు. ముందు చదువు. ఇక్కడి డిగ్రీ అక్కడి ఏ డిగ్రీకి సమానమో తేల్చే ఈసీఏ నివేదికను డబ్ల్యూఈఎస్ వంటి గుర్తింపు పొందిన సంస్థ నుంచి తెచ్చుకోవాలి. అది ఐదేళ్లు చెల్లుతుంది. దానికి విశ్వవిద్యాలయం నుంచి ట్రాన్స్‌క్రిప్టులు కావాలి, అవి మీరు తెరిచి పంపేవి కావు, అక్కడినుంచి సీలుతోనో నేరుగానో వెళ్లాలి. పైన నేను వేసిన 126 అయినా ఆ నివేదికలో ‘మాస్టర్స్’ అని ఉంటేనే వస్తుంది. మన చేతిలోని పట్టాలో ఏముందన్నది కాదు, నివేదికలో ఏముందన్నదే లెక్క.

ఈసీఏకు పంపే ముందు మీ భార్య పదో తరగతి మెమో, నర్సింగ్ పట్టా, పాస్‌పోర్టు మూడూ మంచం మీద పక్కపక్కన పరిచి పేర్లు చదవండి. తెలుగువారి ఫైళ్లు ఎక్కువగా తట్టుకునే రాయి ఇక్కడే ఉంది. మెమోలో పుట్టింటి ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పట్టాలో పేరు తర్వాత ఉంటుంది, పాస్‌పోర్టులో పెళ్లయ్యాక మెట్టినింటి పేరు పూర్తిగా పడుతుంది. మనకు ముగ్గురూ ఒకరేనని ఇట్టే తెలుస్తుంది గానీ, ఇంటిపేరు ముందు రావడం అన్న సంగతే ఎరగని అధికారికి ముగ్గురు వేరే మనుషులుగా కనిపించవచ్చు. వివాహ ధ్రువపత్రం, ఆ పేర్లన్నీ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ఇప్పుడే సిద్ధం చేసుకోండి. మీ పెళ్లి రిజిస్టర్ కాకపోయి ఉంటే ఆ పని ఈ వారంలోనే చేయండి, శుభలేఖ, కల్యాణమండపం రసీదు దానికి బదులు కావు.

తర్వాత అనుభవం. నిబంధన ప్రకారం గత పదేళ్లలో ఒకే వృత్తిలో ఏడాదిపాటు విరామం లేకుండా, వారానికి 30 గంటల లెక్కన 1,560 గంటలు, జీతం తీసుకుని చేసిన పని ఉండాలి. ఆ వృత్తిని కెనడా ఎన్ఓసీ కోడ్ ప్రకారం చూపాలి (మన దగ్గర ఎన్ఓసీ అంటే నిరభ్యంతర పత్రం, అక్కడ వృత్తుల వర్గీకరణ). రిజిస్టర్డ్ నర్సు కోడ్ 31301. కోడ్‌ను నిర్ణయించేది హోదా పేరు కాదు, రోజూ చేసే పని. అందుకే యాజమాన్యం ఇచ్చే లేఖలో లెటర్‌హెడ్, హోదా, చేరిన తేదీ, విధుల వివరం, వారానికి ఎన్ని గంటలు, ఏడాది జీతం, సంతకం చేసినవారి పేరు, హోదా అన్నీ ఉండాలి. మా తమ్ముడి ఫైలుకు అతను పనిచేసిన సంస్థ ఇచ్చిన లేఖలో ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశారు, నడవడి బాగుంది’ అన్న రెండు వాక్యాలే ఉన్నాయి. విధులు, గంటలు చేర్పించి ఇంకో లేఖ తెచ్చుకోవడానికి అతను నాలుగుసార్లు సెలవు పెట్టి ఆ కార్యాలయం మెట్లెక్కాడు, అప్పటికి అరవై రోజుల్లో నలభై రెండు గడిచిపోయాయి. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరం సరిగా నిద్రపోలేదు. మీ భార్య ఆసుపత్రి హెచ్ఆర్ వారిని ఆ లేఖ ఇప్పుడే, ఉద్యోగంలో ఉండగానే అడగమనండి.

డబ్బు విషయానికి వస్తే, ముగ్గురున్న కుటుంబం చేతిలో 2025 జూలై నుంచి అమలైన లెక్క ప్రకారం 23,360 కెనడా డాలర్లు, మన డబ్బులో సుమారు పద్నాలుగు, పదిహేను లక్షలు ఉన్నట్టు చూపాలి. ఈ మొత్తాన్ని ఏటా సవరిస్తారు. బ్యాంకు ఇచ్చే లేఖలో గత ఆరు నెలల సగటు నిల్వ, మీ అప్పులు కూడా ఉంటాయి. సత్తెనపల్లిలో ఉన్న పొలం విలువ, ఇంట్లోని బంగారం, ఇంకా పాడని చిట్టీ వీటిలోకి రావు, చేబదులు తెచ్చి ఖాతాలో వేసిన డబ్బూ రాదు. పిలుపు వచ్చిన వారంలో పది లక్షలు ఒక్కసారిగా ఖాతాలోకి వస్తే ఎక్కడివని తప్పక అడుగుతారు. పొలం అమ్మే ఉద్దేశం నిజంగా ఉంటే ఆ అమ్మకం దస్తావేజుతో డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి. కానీ పిలుపు రాకముందే పొలం అమ్మవద్దని నా గట్టి సలహా. ప్రభుత్వ రుసుములు వేరు: 2024 ఏప్రిల్ 30న అమల్లోకి వచ్చిన లెక్కలో పెద్దవారికి ఒక్కొక్కరికి 1,525 డాలర్లు, బాబుకు 260 ఉండేవి, ఆపైన బయోమెట్రిక్స్. ఇవి రెండేళ్లకొకసారి పెరుగుతుంటాయి. పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీసు క్లియరెన్సు, వారు గుర్తించిన డాక్టరు దగ్గర వైద్య పరీక్ష ముగ్గురిలో వర్తించినవారికి చేయించాలి. 2025 ఆగస్టు 21 నుంచి వైద్య పరీక్షను దరఖాస్తుకు ముందే పూర్తి చేసి ఉండాలి.

ఇంకో సంగతి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. పీఆర్ వచ్చినంత మాత్రాన ఆమె అక్కడ నర్సుగా పనిచేయలేదు. నర్సింగ్ లైసెన్సు ప్రావిన్సుల చేతిలో ఉంటుంది. కొన్ని ప్రావిన్సులకు ఎన్ఎన్ఏఎస్ అనే సంస్థ ద్వారా, మరికొన్నిటికి నేరుగా అక్కడి నర్సింగ్ సంస్థ ద్వారా చదువును విడిగా పరిశీలింపజేసుకుని, ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ పరీక్ష పాసు కావాలి. ఇది వలసకోసం చేయించే ఈసీఏతో పూర్తయ్యే పని కాదు. పిలుపుకోసం ఎదురుచూసే నెలల్లోనే ఆ పని మొదలుపెడితే, అక్కడ దిగాక ఏడాదిపాటు ఏదో ఒక చిన్న పనితో నెట్టుకొచ్చే అవస్థ తగ్గుతుంది. ఇంజనీరు అన్న హోదాకు కూడా ప్రావిన్సు సంఘాల లైసెన్సు ఉంటుంది, అయితే అది లేకుండా కూడా క్వాలిటీ విభాగాల్లో మీకు పని దొరికే వీలుంది.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని కన్సల్టెన్సీకి డబ్బు కట్టడం కాదు, మీ భార్య చేత ఐఈఎల్‌టీఎస్ జనరల్ గానీ సెల్‌పిప్ గానీ రాయించడం. ఆమెకు సీఎల్‌బీ 9 వస్తుందా రాదా అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంది: సీఎల్‌బీ 9 లేకపోతే పైన చెప్పిన 50, 50 పాయింట్లు సగానికి సగం పడిపోతాయి. ఒక్క విభాగంలో అర మార్కు తగ్గినా ఇదే నష్టం, అందుకే మొదటిసారి తగ్గితే రెండోసారి రాయడానికి సంకోచించకండి. మీరు కూడా జనరల్ రాయాలి, మీ మార్కులు ఆమె ఫైలులో 14 పాయింట్లు కలుపుతాయి.

చివరగా అమ్మగారి సంగతి. ఈ దరఖాస్తులో కుటుంబం అంటే భార్య లేదా భర్త, 22 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు. తల్లిదండ్రులు అందులో లేరు, వారు పూర్తిగా మీ మీదే ఆధారపడి ఉన్నా సరే. మీరు అక్కడ పీఆర్ తెచ్చుకున్నాక తల్లిదండ్రులను స్పాన్సర్ చేసే పథకం ఒకటి ఉంది గానీ, దానికి సంఖ్యా పరిమితి ఉంది, 2020లో పేరు నమోదు చేసుకున్నవారిలోంచే 2025 వరకు లాటరీ తీసి పిలిచారు, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని ప్రణాళిక వేయకండి. ఆచరణలో ఉన్న దారి సూపర్ వీసా. దాని మీద ఆమె ఒకసారికి ఐదేళ్ల వరకు మీ దగ్గర ఉండవచ్చు. అయితే అక్కడ మీ ఆదాయం ఒక కనీస స్థాయి దాటి ఉండాలి, ఆమెకు కనీసం ఏడాదిపాటు చెల్లే, కనీసం లక్ష డాలర్ల ఖర్చు భరించే వైద్య బీమా ఉండాలి, అంటే మీరు వెళ్లిన మొదటి ఏడాది రెండేళ్లు ఆమె ఇక్కడే ఉండవలసి వస్తుంది. ఆ రెండేళ్లు ఆమె సత్తెనపల్లి దగ్గర మీ ఊళ్లో ఒక్కరే ఉంటారా, మీ తోబుట్టువుల దగ్గర ఉంటారా అన్నది ప్రొఫైల్ తెరవకముందే ఆమెనే అడిగి తెలుసుకోండి.